క్రోటన్ ఆకుల అంచులు

అరవయ్యో దశకం చివర్లో నేను పెళ్ళయి భావనపాడు వచ్చినప్పుడు, నాతోపాటు ఒక కుండీ కూడా కాపురానికొచ్చింది. అందులో క్రోటన్ మొక్క. మా నాన్న సముద్రంలో చేపలవేట మానేసి విజయనగరంలో ఓ బంగళాకు తోటమాలిగా కుదిరిన మనిషి. కొమ్మ నాటి, వేరు పట్టించి ఇచ్చాడు. "వైశాఖంలో వస్తాను. అప్పటికి కొత్త సిగురు సూపించాలి," అన్నాడు.

మాఘం దాటాక ఆకుల అంచులు మాడడం మొదలైంది. ముందు గోధుమరంగు గీత, తర్వాత సెగ తగిలిన కాగితంలా ముడుచుకుపోవడం. మా ఆయనకు చూపిస్తే నవ్వాడు.

"క్రోటనంటేనే రంగులు కదేటి? ఇదీ ఓ రంగే."

ఒళ్ళు మండింది. ఏది రంగో, ఏది మాడో తోటమాలి కూతురికి తెలియదా? సముద్రపు గాలి పడలేదనుకుని కుండీని గోడచాటుకు జరిపాను. నీళ్ళు ఎక్కువ పోశాను. ఆకులు రాలుతూనే ఉన్నాయి. నాన్న వచ్చేసరికి మోడు మిగులుతుందేమోనని భయం పట్టుకుంది. అన్నం సయించేది కాదు.

ఆ భయంలో అనుమానం అత్త మీదికి పోయింది. నేను బావి నుంచి వచ్చేసరికి ఆవిడ కుండీ దగ్గర వంగి ఉండడం రెండుసార్లు చూశాను. నా పుట్టింటి వస్తువు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోందని తీర్మానించేశాను. అడగలేదు. అప్పట్లో నా కోపం ముక్కుమీదే ఉండేది.

నాన్న వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా కుండీ దగ్గరికెళ్ళి, చిటికెడు మట్టి నాలుకమీద వేసుకుని ఉమ్మేశాడు. "ఉప్పు," అన్నాడు.

ఇక నా నోటికి అడ్డులేదు. "ఈవిడే! నా మొక్కని సూడలేక ఉప్పునీళ్ళు పోసి సంపేసింది!"

ఇరుగుపొరుగు గుమ్మంలోకొచ్చారు. నాన్నకు మంచినీళ్ళు తెస్తున్న అత్త చెంబుతో అలాగే నిలబడిపోయింది.

"సేపలు కడిగిన నీళ్ళు మొక్కకి బలం కదేటి అన్నయ్యా. మా మునగసెట్టుకి అవే పోస్తాను. ఈమధ్య పచ్చిసేప పడలేదు. ఉప్పులో ఊరేసిన సేప కడిగిన నీళ్ళే ఉన్నాయి. అవీ మానేస్తే, నువ్వొచ్చేసరికి సిగురెయ్యదేమోనని పోసినాను. పిల్ల నీకు సూపించుకోవాలని ఆశపడతన్నాది."

నాన్న నావైపు తిరిగాడు. "కుండీ అంచున తెల్లగా పేరుకున్నాది, నీ కంటికి ఆనలేదేటే?" ఆయన అత్తముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. "సెల్లెమ్మా, నా పెంపకం తప్పు," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న మట్టి మార్చి వెళ్ళాడు. రెండు నెలలకు మొక్క చిగురించింది. అత్త నాతో మామూలుగానే మాట్లాడేది, నాకు ముందు వడ్డించి తర్వాతే తినేది. కానీ వాకిలి ఊడుస్తూ కుండీ ఉన్న మూల మాత్రం వదిలేసేది. "అత్తా, నువ్వే నీళ్ళు పొయ్యి" అనే మాట, ఆవిడ బతికున్నన్నాళ్ళూ నా నోటిదాకా వచ్చేది. ఒక్కసారీ అనలేకపోయాను.