వెంటనే పలికిన గొంతు

వరహాలబాబుకు సికింద్రాబాద్ అంటే గొంతులే. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టాడు. బళ్లో వెయ్యకముందే తట్టు పోసి చూపు పోయింది. బ్లైండ్ స్కూల్లో చదువుకొని, టెలిఫోన్ ఆపరేటర్ శిక్షణ కోసం ఈ ఊరొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సీతాఫల్‌మండిలో అద్దె ఇల్లు, కార్ఖానాలో ఒక పార్సిల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఫోను దగ్గర ఉద్యోగం.

"మా సరుకు ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవాళ్లతో ఆ ఫోను పొద్దస్తమానం మోగుతూనే ఉండేది. వరహాలబాబు రసీదు నంబరు అడిగి, పక్క బల్ల దగ్గరున్న గుమాస్తా జకర్యాకు వినిపించేవాడు. జకర్యా రిజిస్టరు తిరగేసి చెప్పిన జవాబును మర్యాదగా అవతలివాళ్లకు అందించేవాడు. ఒకసారి విన్న గొంతును మరిచిపోయేవాడు కాదు. ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేసినా పేరు పెట్టి పలకరించేసరికి వ్యాపారులు మురిసిపోయేవాళ్లు.

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఎవరింట్లో విన్నా సాఫ్ట్‌వేర్ మాటే. ఆ గాలి పార్సిల్ ఆఫీసుకూ తగిలింది. రిజిస్టర్లు పోయి కంప్యూటర్లొచ్చాయి. జకర్యాను గోదాముకు మార్చారు. ఇకమీదట ఫోనెత్తినవాళ్లే కంప్యూటర్లో చూసి జవాబు చెప్పాలన్నారు.

మేనేజరు హరికిషన్ ఆ కబురు చెప్పలేక చెప్పాడు. "బాబన్నా, నిన్ను పంపాలని నాకు లేదు. గానీ పైనోళ్లు అడుగుతున్నరు. నువ్వు స్క్రీన్ ఎట్ల చూస్తవ్?"

"చూడక్కర్లేదు సార్. కంప్యూటరు చేతే చదివించుకోవచ్చంట. లినక్స్ అని కంప్యూటరును నడిపేదొకటి ఉందంట, అందులో అలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందని మా జోగారావు చెప్పాడు," అన్నాడు వరహాలబాబు. జోగారావు అతనితోపాటు బ్లైండ్ స్కూల్లో చదివినవాడు. బన్సీలాల్‌పేట్‌లో చూపులేనివాళ్ల సంఘం గది నడుపుతున్నాడు.

హరికిషన్‌కు ఒకటి గుర్తొచ్చింది. మూలన పడేసిన పాత కంప్యూటరొకటి ఉంది. "అది తీస్కో. దసరా రద్దీ షురూ అయ్యేలోపల నేర్చుకో. అప్పటిదాకా పైనోళ్లకు నేను జవాబు చెప్పుకుంట," అన్నాడు.

జోగారావు వచ్చి లినక్స్ ఎక్కించి, మాట్లాడే సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లాడు. కంప్యూటరు నిజంగానే మాట్లాడింది. కాకపోతే ఆలస్యంగా. ఒక కీ నొక్కి, ఊపిరి పీల్చి వదిలాక గానీ అక్షరం పలికేది కాదు. ఆ జవాబు కోసం ఆగలేక ఇంకో కీ నొక్కితే రెండూ కలగాపులగమయ్యేవి. చూపున్నవాడికి కంప్యూటరు కాస్త నెమ్మదిస్తే విసుగు, అంతే. వరహాలబాబుకైతే ఆ మౌనంలో తను ఎక్కడున్నాడో, ఏం నొక్కాడో కూడా తెలిసేది కాదు.

ఒకరోజు గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కూతురి పెళ్లి చీరల పార్సిల్ ఇంకా అందలేదట. వరహాలబాబు నంబరు కొట్టాడు. కంప్యూటరు మొదటి అంకెలు కూడబలుక్కుంటూ చదువుతోంది.

"హలో, ఉన్నారా?" అందావిడ.

"ఉన్నానమ్మా, చూస్తున్నాను."

"ఇంకా చూస్తున్నారా?" అని కొంచెం ఆగి, ఫోన్ పెట్టేసింది. అన్నేళ్ల ఉద్యోగంలో తను మాట్లాడుతుండగా విసిగి ఫోన్ పెట్టేసిన మనిషిని అతను ఎరగడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. భార్య అప్పలలక్ష్మి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఏటలాగున్నావు?" అని ఒకటికి రెండుసార్లు అడిగితే గానీ సంగతి చెప్పలేదు. ఆమె విని ఊరుకోలేదు. అతనికి చెప్పకుండా మేడమీదికెళ్లింది.

పైవాటాలో అనుపమ అనే అమ్మాయి తల్లితో ఉంటోంది. తరాలుగా ఈ ఊరివాళ్లే. రోజూ ఎంఎంటీఎస్ రైల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లొస్తుంది. అప్పలలక్ష్మికి ఆ అమ్మాయితో మెట్ల మీద పలకరింపే తప్ప పెద్ద పరిచయం లేదు.

"మా ఆయన కంప్యూటరు నసుగుతన్నాదమ్మా. ఓపాలి చూస్తావేటి?" అని అడిగింది.

అనుపమ వెంటనే కిందికొచ్చింది. సంగతంతా విని, "లినక్సే గదా అంకుల్, దాని లోపలికి పోయి చూడొచ్చు. ఆదివారం ఇంటికి తెప్పియ్యుండ్రి," అంది. హరికిషన్‌ను అడిగితే ఆటో ఎక్కించి మరీ పంపాడు.

ఆ ఆదివారం అనుపమ కీ నొక్కి, ఆలకించి, మళ్లీ నొక్కి చూసింది. "ఇందులో పనికిరానియి చానా నడుస్తున్నయి. ప్రింటర్ లేదు, గానీ ప్రింటర్ కోసమని ఒకటి కాచుకొని కూసుంది. ఇగ ఈ రంగుల తెర, బొమ్మలు... ఇవన్నీ మీకు కావాల్నా?"

వరహాలబాబు నవ్వాడు. "బొమ్మలు నాకేటమ్మా చేసుకోడానికి?"

బొమ్మల తెర పూర్తిగా తీసేసి, ఉత్త అక్షరాల తెర మిగిల్చింది. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ ఆపేసింది. మెమరీ ఖాళీ అయి కంప్యూటరు తేలికపడింది. ఆలస్యం తగ్గింది కానీ పోలేదు. శబ్దం చిన్నచిన్న ముక్కలుగా వెంటవెంటనే స్పీకరుకు వెళ్లేలా మార్చిచూసింది. గొంతు తొందరగానే వచ్చింది గానీ ఎక్కిళ్లు పెట్టినట్టు తెగిపోతూ వచ్చింది. మధ్యాహ్నానికి అప్పలలక్ష్మి ఉల్లిపాయల పులుసు, వడియాలు పెట్టి భోజనానికి పిలిచేటప్పటికి ఇద్దరూ డీలా పడిపోయారు.

"పోన్లేమ్మా. సెలవు రోజు పాడుచేసుకున్నావు," అన్నాడు వరహాలబాబు.

"ఊహించుకుంట మార్చిన అంకుల్, అదే నా తప్పు. టైమ్ ఎక్కడ పోతున్నదో ముందు కొలవాలె," అంది అనుపమ, పులుసు మళ్లీ వేయించుకుంటూ.

తర్వాతి ఆదివారం కొలిచే సాధనంతో వచ్చింది. ఏ ప్రోగ్రాములో ఏ భాగం ఎంతసేపు తీసుకుంటోందో అది లెక్కగట్టి చూపిస్తుందట. గొంతు తయారుచేసే భాగమే బరువని అనుపమ అనుకుంది. చూస్తే అది కాదు. ఏ మాటను ఎలా పలకాలో చెప్పే నిఘంటువు ఒకటుంది. దాని దగ్గరే కాలమంతా కరిగిపోతోంది.

"ఎట్లంటే అంకుల్, ఒక్కో మాటకు లేచిపోయి అల్మారా తెరుస్తది. పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి వెతుకుతది. దొరికినంక పుస్తకం లోపల పెట్టి, తాళమేసి వస్తది. ఇంకో మాటకు మళ్లీ గంతే."

"పుస్తకం బల్లమీదే ఉంచుకోవచ్చు కదా," అంది వింటున్న అప్పలలక్ష్మి.

"అదే చేస్తున్న ఆంటీ."

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు తమ రాతనంతా ఎవరైనా చదివి మార్చుకునేలా వదిలిపెట్టారు. అనుపమ ఆ చోటు పట్టుకొని, కంప్యూటరు మొదలవగానే నిఘంటువు ఒక్కసారి చదివి మెమరీలో ఉంచుకునేలా, మొదటి పేజీ నుంచి కాకుండా మాట ఉన్న చోటికే నేరుగా వెళ్లేలా మార్చింది. ఎక్కిళ్లు పోవడానికి, మిగతా పనులన్నిటికన్నా ముందు గొంతు పనే చూడమని లినక్స్‌కు చెప్పింది.

"ఇప్పుడు నొక్కుండ్రి."

వరహాలబాబు నొక్కాడు. వేలు కీ మీది నుంచి లేవకముందే అక్షరం పలికింది. ఇంకోటి నొక్కాడు. పలికింది. తన ఊరి పేరు కొట్టాడు. ఇంగ్లీషు యాసలో వంకరగానే అయినా ఠక్కున పలికింది. అతను అలాగే చాలాసేపు ఏవేవో కొడుతూ, వింటూ ఉండిపోయాడు. చెంపలు తడిసిన సంగతి అతనికి తెలిసినట్టు లేదు. అప్పలలక్ష్మి కొంగుతో తుడిచింది.

"అమ్మా, నీకు ఏటిచ్చుకోగలను?" అన్నాడు చివరికి.

"నాదేముంది అంకుల్, కొంచమే. అసలుది రాసిపెట్టినోళ్లు ఏ దేశంల ఉన్నరో నాకు సుత తెల్వదు."

ఆ మాట అతని మనసులో నాటుకుపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు, తననెన్నడూ కలవబోనివాళ్లు, తనలాంటి వాడొకడు ఉంటాడని తలచి ఇంత పనిచేశారు. ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకుంటూ వాళ్లనూ కలుపుకున్నాడు.

దసరా రద్దీ మొదలైంది. హరికిషన్ పని ఉన్నట్టు వచ్చి అతని వెనక నిలబడ్డాడు. అడుగుల చప్పుడును బట్టి వరహాలబాబుకు తెలిసిపోయింది కానీ తెలియనట్టే ఉన్నాడు. ఫోన్ మోగింది. ఒక చెవికి ఫోను, రెండో చెవిలో కంప్యూటరు గొంతు. "మీ నాలుగు మూటలూ నిన్ననే రాజమండ్రి దాటాయండీ, రేపు పొద్దున్న అందుతాయి," అన్నాడు. అవతలి మనిషి థాంక్స్ చెప్పి పెట్టేశాడు. వెంటనే ఇంకో ఫోన్, ఆ వెనకే ఇంకోటి.

హరికిషన్ అతని భుజమ్మీద చెయ్యి వేశాడు. "ఇగ పరేషాన్ లేదు బాబన్నా. పైనోళ్లకు నేను చెప్త."

"మీరు పైవాళ్లను ఆపబట్టే సార్," అన్నాడు వరహాలబాబు. హరికిషన్ మరో బల్ల వైపు వెళ్లిపోయాడు.

అనుపమ తన మార్పును ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు పంపింది. వాళ్లు పరీక్షించి తమదాంట్లో కలుపుకున్నారు. జోగారావు గదిలోని కంప్యూటర్లకూ అది వచ్చింది. ఆదివారాలు అక్కడికెళ్లి వరహాలబాబు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్లలో మార్త అనే అమ్మాయి చురుకైనది. అతను కంప్యూటరు గొంతు వేగం పెంచి వినమన్నకొద్దీ ఇంకా పెంచమనేది.

మరుసటి ఏడాది మార్తకు ఒక కంపెనీ ఫోన్ సెక్షన్‌లో ఉద్యోగమొచ్చింది. తల్లి రోసమ్మతో కలిసి మైసూర్‌పాక్ పట్టుకొని సీతాఫల్‌మండి వచ్చింది. "మీవల్లే సార్," అంటూ డబ్బా అతని చేతిలో పెట్టింది.

వరహాలబాబు డబ్బా తెరవలేదు. మార్త చెయ్యి పట్టుకొని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, "పైనొక అమ్మాయి ఉంది. ముందు తన నోరు తీపి చెయ్యాలి, రా," అన్నాడు. అప్పలలక్ష్మి అప్పటికే కింది నుంచి అనుపమను పిలుస్తోంది.