ఊదామూత గొట్టంలో బాపు నెత్తురు

మా బాపు నిక్షేపంగా కూర్చుని రవ్వచేప పులుసు జుర్రుకుంటున్న ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయన నెత్తురు ఉద్యోగం మానేసిందని ప్రకటించిన మహాశాస్త్రవేత్తను నేనే. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన విధ్వంసం వింటే మీరు మీ పిల్లల్ని సైన్సు చదివించడం మానేస్తారు. అయినా చెబుతాను, వినండి.

అప్పటికి నేను తుర్కపల్లిలో ఒక ల్యాబులో చేరి రెండు నెలలు. మెడలో కార్డు వేసుకుని అలియాబాద్‌లో కంపెనీ క్యాబ్ ఎక్కుతుంటే, నాకంటే మొనగత్తె మండలంలోనే లేదనిపించేది. మా బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. చేపల పెట్టె నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగి ఛాతీ రుద్దుకుంటాడు. అడిగితే "గ్యాసు బిడ్డా" అంటాడు. పైకి రాగానే ఒక సోడా తాగి, ఒక బీడీ ముట్టిస్తాడు. అది మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు, ల్యాబు కార్డు వేసుకున్న నాక్కూడా.

ల్యాబులో నా పని పారాక్సొనేజ్ అనే ఎంజైమును కొలవడం. భయపడకండి, పేరొక్కటే గడ్డుది. మంచి కొలెస్ట్రాల్ దీన్ని చంకనెక్కించుకుని నెత్తురులో తిరుగుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ పాడైపోయి రక్తనాళాల గోడల్లో పేరుకోకుండా ఇది కాపలా కాస్తుంది. నెత్తురు మీది తేటలో ఒక మందు కలిపితే, ఈ ఎంజైము పనిచేసిన కొద్దీ పసుపు రంగు తేలుతుంది. పసుపు ఎంత చిక్కనైతే కాపలా అంత గట్టిదని లెక్క.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త టెక్నీషియన్ మూత రంగెరగదు. మా ల్యాబు మేడంను అడిగి, చెయ్యి అలవాటు కావడానికి ముందు నా నెత్తురే ఎర్రమూత గొట్టంలో తీసుకుని పరీక్ష చేశాను. చక్కగా పసుపు వచ్చింది. ఆ ఉత్సాహంలో శనివారం పొద్దున్నే బాపును కుర్చీలో కూర్చోబెట్టాను. తీరా చూస్తే ల్యాబు నుంచి తెచ్చిన సంచిలో ఎర్రమూతవి అయిపోయాయి, ఊదామూతది ఒక్కటుంది. ఎర్రమూతవాటిలో లేని మందొకటి, నెత్తురు గడ్డకట్టకుండా ఆపేది, దాంట్లో ముందే ఉంటుంది. 'ఇంకా మంచిదే కదా, మూతదేముంది, నెత్తురు నెత్తురే' అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ల్యాబుకు పోయి మందు కలిపాను. నీళ్లలా ఉండిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ నీళ్లే. మిషను సున్నా చూపించింది.

ఆదివారం ఆ పులుసు ముందు కూర్చుని ఇక ఆపుకోలేక ఏడ్చేశాను.

"ఏంది బిడ్డా, ముల్లు గుచ్చుకున్నదా?" అన్నాడు బాపు.

"బాపూ, నువ్వు చేపల పెట్టెల ఐసు ఎందుకేస్తవ్?"

"ఖరాబ్ కాకుండ."

"నీ నెత్తుర్ల గా ఐసు లేదు. సున్నా!"

బాపు చేతిలోని ముద్ద వైపు చూసుకున్నాడు. "నిన్నటిదాంక మంచిగనే ఉన్న గదనే?"

అమ్మ ఆయన ముందు నుంచి పళ్లెం లాగేసింది. "బీడీలు తాగకుమని ఎన్ని తీర్ల జెప్పిన! ఇన్నవా?" అంటూ పులుసు గిన్నెతో సహా వంటింట్లోకి మాయమైంది. అమ్మ చేసిన ఒక్క ఫోనుతో సాయంత్రానికల్లా దేవరయాంజాల్ నుంచి మా మేనత్త రాజవ్వ డజను అరటిపండ్లతో దిగి, గేటు దగ్గరే రాగం ఎత్తుకుంది.

"మా తమ్ముని ఒంట్ల నెత్తురే లేదటనే!"

"నెత్తురున్నది అత్తా, ఎంజైమే లేదు."

"అయ్యో, రెండు లేవా!"

ఇంత జరిగినా బాపు దవాఖానకు రానంటే రానన్నాడు. "నాకేం కాలే. రేపు పొద్దుగాల వల తియ్యాలె." చివరికి నేను బ్రహ్మాస్త్రం వదిలాను: "నువ్వు పోకుంటే నేను నౌకరికి పోను." ఆ నౌకరి నాకంటే ఆయనకే ముద్దు. సోమవారం పొద్దున అమ్మను వెంటబెట్టుకుని మేడ్చల్‌లో గుండె డాక్టరు దగ్గరికి బయలుదేరాడు.

నేను ల్యాబుకు పరుగెత్తి, మేడం ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆమె ఓపికగా విని, "ఏదీ, గొట్టం చూపించు" అన్నారు. చూపించాను. ఆమె ఒక నిమిషం కళ్లు మూసుకున్నారు.

"ఈ ఊదామూత గొట్టంలో గడ్డకట్టకుండా ఉన్న మందు ఏం చేస్తుంది?"

"కాల్షియం పట్టేసుకుంటుంది మేడం."

"నీ ఎంజైముకు పనిచేయడానికి ఏం కావాలి?"

"కాల్... అయ్యో!"

"మీ నాన్నగారి కాపలావాణ్ని నువ్వే చేతులు కట్టేసి, కాపలా లేదని ఏడుస్తున్నావు!"

నా అంత ఆనందంగా తిట్లు తిన్న మనిషి ఇంకొకరు ఉండరు. ఎగురుకుంటూ పోయి అమ్మకు ఫోను చేశాను. "అమ్మా, తప్పు నాదే, బాపుకేం లేదు! ఇగ ఇంటికి పోండ్రి!"

అటు నుంచి అమ్మ గొంతు సన్నగా వినిపించింది. "మిషిను మీద నడిపిచ్చిండ్రు బిడ్డా. మూడు నిమిషాలకే ఛాతి పట్టుకున్నడు. గుండె నాళం మూసుకపోయినట్టున్నదంటున్రు. నువ్వు జల్దీ రా."

ఎలుక కోసం తవ్వితే కొండ మీద పడింది. నన్ను అప్పుడే తిట్టిన మేడం తన కారులో నన్ను మేడ్చల్ దాకా దింపారు, దారంతా నాకు ధైర్యం చెబుతూనే ఉన్నారు. ఆ మేలు ఈ జన్మలో మరచిపోను. ఆ రోజే బాపు గుండె నాళంలో స్టెంటు వేశారు. "ఇంకొన్నాళ్లు గ్యాసనుకుంటే మా దాకా వచ్చేవాడు కాదమ్మా" అన్నాడు డాక్టరు. నేను ఎవరికి మొక్కాలో తెలియక గోడకు మొక్కాను.

కళ్లు తెరిచిన బాపుకు నిజం ఒప్పుకున్నాను. "పరీక్ష తప్పు బాపూ. నీ నెత్తురు మంచిదే కావచ్చు."

ఆయన నవ్వాడు. "నీ పరీక్ష తప్పైతేంది బిడ్డా, తొవ్వ కరెక్టే సూపెట్టింది. నువ్వు మంచిగ చేసుంటే నేను గా కట్ట మీదనే పడిపోతుంటి."

కోలుకున్నాక ఎర్రమూత గొట్టంలో మళ్లీ పరీక్ష చేశాను. నమ్మండి, ఆయనది నాదానికంటే చిక్కటి పసుపు! బాపు ఆ పసుపును మీసం మెలేస్తూ చూశాడు గానీ, అంతలోనే తగ్గాడు.

"ఐసు మస్తుగనే ఉన్నది బిడ్డా. పెట్టెను బీడీ పొయ్యి మీద పెట్టినంక ఐసు మాత్రం ఏం జేస్తది?"

ఆ రోజు నుంచి ఆయన బీడీ ముట్టలేదు. నేను కూడా శామీర్‌పేట చెరువు సాక్షిగా, రాజవ్వ అత్త అరటిపండ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఆ పరీక్షకు ఊదామూత గొట్టం ముట్టను. కట్ట ఎక్కుతూ ఛాతీ రుద్దుకునే మనిషిని చూస్తే మాత్రం, పరీక్షలేవీ చేయకుండా నేరుగా ఆటో ఎక్కిస్తాను.