తిప్పి వదిలేసిన దుంగ

నికానోర్ మా సికీరెస్ కొండల మీద తాటిమొవ్వులు కొట్టి అమ్ముకుని బతికేవాడు. చదువు అబ్బలేదు. కానీ కుళ్లిన దుంగల కింద ఉండే మఖమల్ పురుగు గురించి అతనికి తెలిసినంత నా కొట్టుకొచ్చే పెద్దమనుషుల్లో ఒక్కడికీ తెలియదు. విశ్వవిద్యాలయంలో పురుగుల మీద పరిశోధన చేసే యోర్లేని అనే డాక్టరమ్మ నేర్పిన విద్య అది. మెత్తటి జంట కాళ్లు, నోటి పక్కల నుంచి చిమ్మే జిగురు, అన్నీ ఆవిడే చూపించింది. తిప్పిన దుంగను మళ్లీ అలాగే బోర్లించాలని మాత్రం ఒట్టు వేయించుకుంది. ఆ పురుగు ఒంటినిండా గాలి కన్నాలే, మూసుకోవడం దానికి చేతకాదు. తడి ఆరితే ప్రాణం పోయినట్టే.

ఆ ఏడు అతనికి ముప్ఫై తొమ్మిది జతల కాళ్లున్న ఆడది దొరికింది. కొత్త జాతి అని తేల్చాలంటే మగది కూడా కావాలంది డాక్టరమ్మ. మగదానికి కాళ్లు తక్కువ, తోక దగ్గరి కాళ్ల కింద బుడిపెలుంటాయి. నెల్లాళ్లు వెతికాడు. మార్చి ఎండల్లో ఒక రోజు పొద్దున్నే, తడినాచు వేసిన డబ్బాతో నా కొట్టుకి పరిగెత్తుకొచ్చాడు.

“ఎల్విడియా అక్కా! ముప్ఫై నాలుగు జతలే! బుడిపెలూ ఉన్నాయ్! ఆ దుంగ నిండా తల్లులూ పిల్లలే!”

“పెళ్లికొడుకుని తెచ్చావన్నమాట. కూర్చో, అందర్నీ చూడనీ.”

“డాక్టరమ్మకి ఫోన్ చేసి వెంటనే పోవాలక్కా. తిప్పిన దుంగని అలాగే వదిలేసి వచ్చేశా.”

“కాళ్లున్నది పురుగుకి గానీ దుంగకి కాదు కదయ్యా, ఎక్కడికీ పోదులే!”

అందరూ నవ్వారు. నా నోరు పడిపోను! కాఫీ పోశాను, మొక్కజొన్న పిండిని అరిటాకులో చుట్టి ఉడికించిన తమాలు పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక నలుగురు అతని మాట వినడం అదే మొదలు. సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు అతని వెంట నేనూ వెళ్లాను. దుంగ చీలికల్లో పురుగులన్నీ ఎండి ముడుచుకుపోయాయి. ఒకదాని కాళ్లు లెక్కపెట్టబోతే వేలికింద పొడిగా రాలాయి. నికానోర్ ఏడ్చాడు. నేనతని మొహం చూడలేకపోయాను.

రెండేళ్లకు డాక్టరమ్మ అచ్చువేసిన వ్యాసం పంపింది. నన్ను చదవమన్నాడు. కాళ్ల లెక్క, కొత్త జాతి పేరు, వెతికి పట్టింది నికానోర్ అన్న మాట, అన్నీ చదివాను. తర్వాత ఎంత గాలించినా ఆ కొండల్లో మరొకటి కనబడలేదన్న చివరి వాక్యం మింగేశాను.

“దుంగ తిప్పి వదిలేసింది నేనేనని రాయలేదా?”

“లేదు.”

“రాయమని చెప్పక్కా” అన్నాడు. “లేకపోతే చదివినోళ్లు నన్ను గొప్పోడనుకుంటారు.”

నన్ను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు.