బందూకు బంద్ అయిన ఏడు

ఆఫీసులన్నీ బంద్ అయిన కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది ఆటో మామ. (చుట్టమేమీ కాదు. చింతమడక నుంచి సిద్దిపేటకు ఆటో నడిపేవాడు. ఊరందరికీ మామే.) ఆ రోజుల్లో ఏ కబురైనా ఫోను కన్నా ముందు ఆయన ఆటోలోనే వచ్చేది. "బావా, సార్లందరు సమ్మెల కూసున్నరు. తాళాలేసిన్రు. ఇగ నీ బందూకు బందే!" అని వాకిట్లోనే నవ్వాడు. బాపు నవ్వలేదు.

తాతనాటి ఒంటిగొట్టం తుపాకి అది. బాపు దానితో చీమను కూడా చంపలేదు. మక్కచేనులో అడవి పందులు దిగితే గాలిలోకి ఒక్కసారి పేల్చేవాడు, అవి పారిపోయేవి, ఈయన "రామ రామ" అని చెంపలేసుకునేవాడు. ఆ ఏడు లైసెన్సు గడువు తీరకముందే అర్జీ పెట్టుకున్నాడు. కాగితం బల్ల మీదికి చేరేసరికి బల్ల వెనక కుర్చీ ఖాళీ. గడువు దాటిన మర్నాడే కానిస్టేబుల్ వచ్చి, లైసెన్సు చేతికొచ్చేదాకా ఠాణాలో జమ చేయాలని తుపాకి తీసుకుపోయాడు. "తీస్కపోయేటోళ్లకు సమ్మె లేదాయె, ఇచ్చేటోళ్లకే వచ్చె" అంది అమ్మ. అప్పుడే కంకులు పాలు పట్టాయి. మూడు రోజుల్లో నాలుగు సాళ్లు నేలకూలాయి. ఆ ఏటి మా బతుకంతా ఆ ఎకరన్నర చేనే.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. చిన్ననాటి కాలు జబ్బు వల్ల బడి మెట్లెక్కలేదు. రామాయణం ముందు పెట్టుకుని అమ్మే అక్షరాలు నేర్పింది. అందుకేనేమో, వినయంగా విన్నవించుకుంటే ఎంతటి ప్రభువైనా కరుగుతాడని నా నమ్మకం. రెండు పేజీల విన్నపం రాసుకుని, బాపును వెంటబెట్టుకుని సమ్మె టెంటుకు పోయాను. లైసెన్సులు చూసే కళ్లద్దాల సారు మెడలో పూలదండతో దీక్షలో కూర్చుని ఉన్నాడు. "సమ్మెల ఉండి సంతకం పెట్టరాదు బిడ్డా. నలుగురితోటి మాటిచ్చిన" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. పక్కాయన ఊరుకోక, "నీ డిమాండేందో మైకుల చెప్పమ్మా!" అని మైకు నా చేతిలో పెట్టాడు.

అలవాటు కొద్దీ "శ్రీరామ" అన్నాను. టెంటంతా నా వైపు తిరిగింది. రెండు పేజీలూ గాలికి పోయాయి. ఒక్క ముక్క మిగిలింది.

"మా బందూకు మాకు కావాలె!"

"కావాలె! కావాలె!" అని టెంటు లేచింది. ఆ ఊపుకు మళ్లీ అన్నాను. (అయ్యో రామా, మూడోసారి కూడా.) రోడ్డు మీద జీపు ఆగింది, ఎస్సై ఉరికొచ్చాడు.

"ఎవలమ్మ నువ్వు? ఏ దళం?"

"హనుమాన్ భజన మండలి, సారూ."

కడుపులు పట్టుకుని నవ్వారందరూ, ఎస్సైతో సహా. కళ్లద్దాల సారొక్కడే నవ్వలేదు. "ఎన్ని సాళ్లు పోయినయ్ బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను.

మర్నాడు సమ్మెలో కంచాల మోత కార్యక్రమం ఉందట. "గీడ కొడితే ఇనేటోడు లేడు. గాడ కొడితే పందులన్న ఇంటయ్" అన్నాడట సారు. పొద్దుగూకే వేళకు ఆటో మామ ఆటో మా చేను గట్టున ఆగింది. అందులోంచి ఏడుగురు ఉద్యోగులు దిగారు, ఒక్కొక్కరి చేతిలో కంచం, గరిటె. అందరికన్నా ముందు సారు, మెడలో నిన్నటి దండతోనే. ఆ మోతకు పందులు దిక్కుకొకటిగా పారిపోయాయి. సమ్మె ముగిసేదాకా రోజూ వంతులేసుకుని వచ్చారు. అమ్మ కంకులు కాల్చి పెట్టేది. చేను దక్కింది.

కోతలయ్యాక లైసెన్సు కాగితం సారే తెచ్చిచ్చాడు. "ఆలస్యమైంది, ఏమనుకోకు" అన్నాడు బాపుతో. బాపు తుపాకి తెచ్చుకుని గోడకు తగిలించాడు. మరుసటి ఏడు మాత్రం కంచమే పట్టుకుపోయాడు.

ఇప్పుడు భజనలో ఎవరైనా మైకు ఇస్తే పక్కావిడకు అందించేస్తాను. మూడుసార్లు అరిచిన ఆ పిల్ల ఎక్కడికి పోయిందో! సారు పోయిన ఏడు దేవుడి దగ్గరికి పోయాడు. మీరెప్పుడైనా కాల్చిన కంకి ఒలుచుకుంటే, మొదటి గింజ నోట వేసుకునే ముందు ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి. సంతకం పెట్టలేని రోజున కంచం పట్టుకొచ్చిన మనిషి.