బావగారి ఎరుపు

ఎవరైనా ఎదురుపడితే మా బావ ముందు చేతులు చూస్తాడు, మొహం తర్వాత. బస్సు డిపోలో విడిభాగాల స్టోరు కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరి చేతిలో ఏముంది, ఎవరి జేబు ఎత్తుగా ఉంది అని చూడటం ఆయనకు ఊపిరి తీసుకోవడంతో సమానం. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మెకానిక్కులు చాటుగా ఆయన్ని 'భూతద్దం' అనేవారట. ఆ సంగతి తెలిసినప్పుడు ఆయనకు కోపం రాలేదు గానీ, ఆ పేరు పెట్టిందెవరో తేల్చేదాకా స్థిమితంగా కూర్చోలేదు.

ఉద్యోగం అయిపోయినా బుద్ధి మారలేదు. పాల సీసా మీద పెన్సిలుతో గీత పెట్టేవాడు. బీరువా పిడికి తనకొక్కడికే తెలిసిన ముడితో దారం కట్టేవాడు. మా అక్క ఆ దారం విప్పి, మళ్ళీ అచ్చం అదే ముడి వేసి, ఏమీ ఎరగనట్టు వంటింట్లో కూర్చునేది. నాకు ఆ కథ చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. అక్క ఉన్నంతకాలం ఆయన అనుమానాలు మా ఇళ్ళల్లో నవ్వులాటలు. అక్క పోయాక నవ్వేవాళ్ళు పోయి అనుమానాలు మిగిలాయి. పక్కింటావిడ జాలిపడి వేడివేడిగా ఏదో వండి గిన్నెలో పంపితే, "ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో కనుక్కో" అన్నాడు నాతో. ఆ మాట గోడ దాటింది. మళ్ళీ గిన్నె రాలేదు.

ఒకరోజు నేను వెళ్ళి తలుపు కొడితే గొళ్ళెం తియ్యకుండా, "నువ్వేనా? ఒక్కదానివే వచ్చావా?" అని లోపల్నుంచి అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం భయమేసింది. ఇలాగే వదిలేస్తే నన్ను కూడా లోపలికి రానివ్వని రోజు వస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడే ప్రాణి ఉండదు.

అందుకే ఆయన్ని నీటిరంగుల క్లాసుకు లాక్కెళ్ళాను. మా పేట లైబ్రరీ మేడమీద హాల్లో, ఆకులు రంగు మారే కాలంలో, వారానికోసారి మధ్యాహ్నం పూట పెట్టేవారు. పొడుగాటి బల్లలు, మూలన ఒక కుళాయి, రంగునీళ్ళతో మరకలు పడ్డ ప్లాస్టిక్ మగ్గులు. కిటికీలోంచి చూస్తే అడుగు నుంచి కొస దాకా ఎర్రబడిన చెట్టొకటి. అందరమూ దాన్నే వెయ్యాలి. నేర్పేది బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారు.

"ఈ రంగులు తడిగా ఉన్నప్పుడు ఒకలా ఉంటాయి, ఆరాక ఒకలా ఉంటాయి. ఆరితే వెలుస్తాయి. కాబట్టి పీనాసితనం చెయ్యకండి, కాస్త చిక్కగా వెయ్యండి" అని ఆయన మేం వెళ్ళిన మొదటిరోజే చెప్పాడు. నేను విన్నాను. మా బావ వినలేదు. ఆ సమయంలో ఆయన కిటికీ గడియలు గట్టిగా పడుతున్నాయా లేదా అని లాగి చూస్తున్నాడు.

పైగా ఆయనది స్టోరు కీపరు చెయ్యి, ఏదీ ఉదారంగా వాడదు. గింజంత ఎరుపు తీసి దానికి బోలెడు నీళ్ళు పోసేవాడు. తడిగా ఉన్నంతసేపు అది కాగితం మీద నిగనిగలాడుతూ ఉండేది. క్లాసులో ముప్పావు భాగం స్కేలుతో కొమ్మలు గీయడానికే సరిపోయేది. చివర్లో గబగబా రంగు పూసి, తడి బొమ్మను బల్లమీద వదిలేసి, ఇల్లు ఎవరైనా దోచేస్తారేమోనని అందరికంటే ముందు వెళ్ళిపోయేవాడు. బొమ్మలు వారం పాటు ఆ హాల్లోనే ఉండేవి.

ఆయన పక్క కుర్చీ నర్సమ్మది. ఆసుపత్రిలో పనిచేసి మానేసిన మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. మొదటిరోజే "అన్నయ్యగారూ, మీ గీతలు ఎంత తిన్నగా ఉన్నాయండీ!" అంది. బావ ఆవిడ చేతులు చూశాడు. ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇస్తే, ఆవిడ సగం తాగేదాకా ఆగి అప్పుడు నోట పెట్టుకున్నాడు. నేను తల దించుకుని నవ్వుకున్నాను. కొన్నాళ్ళకు ఆవిడ కప్పు ఎత్తకముందే ఈయన తాగేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు దారిలో, "ఆవిడకు చక్కెర పాళ్ళు బాగా తెలుసు" అన్నాడు. అక్క పోయాక ఆయన ఇంకో మనిషిని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు. ఆ పూట నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు.

"చిన్నమ్మాయ్, నా ఎరుపు ఎవరో తీసేస్తున్నారు" అన్నాడు ఒకరోజు, మెట్లు ఎక్కుతూ. నా తల నెరిసినా ఆయనకు నేను చిన్నమ్మాయినే.

"ఎరుపు తియ్యడమేంటి బావా? అదేమన్నా బస్సు టైరా?"

"నవ్వకు. నేను వేసింది నిప్పులాంటి ఎరుపు. వారం తిరిగి వచ్చేసరికి పలచబడి గులాబీ రంగులో ఉంటోంది. ప్రతిసారీ ఇంతే. ఎవరో తడిగుడ్డతో అద్దుతున్నారు."

"ఆరితే వెలుస్తుందని మాస్టారు చెప్పాడుగా!"

"చెప్పాడా? ఎప్పుడు చెప్పాడు? అలా చెప్పడం వల్ల ఆయనకేంటి లాభం?"

నేను గబగబా మెట్లెక్కేశాను.

ఆ రోజు నుంచి ముందు వెళ్ళిపోవడం మానేసి, కళ్ళలో వత్తులు వేసుకుని అందర్నీ కనిపెట్టడం మొదలుపెట్టాడు. ఎవరు చివర్న వెళ్తున్నారు? నర్సమ్మ. ఎందుకు? అందరి కుంచెలూ కడిగి పెట్టడానికి. అడగకుండా కడగడం ఎందుకు? ఆవిడ సంచిలో దూది ఉంటుంది. తడి ఎరుపు మీద దూది అద్ది, ఆకుల మధ్య వెలుతురు వచ్చేలా తెల్లటి సందులు తీసేది. మాస్టారు నేర్పిన కిటుకే అది. కానీ మా బావ చెత్తబుట్టలోకి వంగి, ఎర్రగా తడిసిన దూది ఉండ ఒకటి పైకి తీసి జేబురుమాల్లో మడిచిపెట్టుకున్నాడు. అది నాకు ఆ తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఆ రుమాలుతో సహా ఆయన్ని కాలవలో తోసేదాన్ని.

మరుసటి క్లాసులో, అందరూ సర్దుకుని కూర్చుంటున్న సమయంలో, బావ ఆ దూది తెచ్చి నర్సమ్మ ముందు పెట్టాడు. పక్కనే వెలిసిపోయిన తన బొమ్మ పెట్టాడు.

"ఇది మీదేనా?"

"నాదే అన్నయ్యగారూ. ఎందుకు?"

"ఇందులో ఉన్న ఎరుపు ఎవరిది?"

ఆవిడకు ముందు అర్థం కాలేదు. నవ్వుతూనే నావైపు చూసింది. అర్థమయ్యాక ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మాస్టారు పరుగున వచ్చి, "అయ్యో, ఆరితే వెలుస్తుందండీ! మీరు నీళ్ళు మరీ ఎక్కువ కలుపుతున్నారు" అని మొత్తుకున్నాడు. బావ ఆయన చేతులవైపు చూసి, "మీరు ఆవిడ పక్షం మాట్లాడతారని నాకు తెలుసు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

నర్సమ్మ తన కాగితాలు సంచిలో పెట్టుకుంది. ఫ్లాస్కు మూత బిగించింది. "నేను మీ బొమ్మను ముట్టుకోలేదు సార్" అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

బావ ఆ పూట గెలిచిన వాడిలా కూర్చుని మళ్ళీ చెట్టు వేశాడు. ఎర్రగా, నిగనిగలాడేలా. దారిలో నేను ఆయనకంటే పది అడుగులు ముందు నడిచాను.

ఆ తర్వాతి వారం నర్సమ్మ రాలేదు. అయినా ఎరుపు వెలిసే ఉంది.

ఇంకొకరైతే అక్కడితో కళ్ళు తెరిచేవారు. మా బావ మాత్రం గొంతు తగ్గించి, "అయితే మాస్టారే అన్నమాట" అన్నాడు. నాకు ఓపిక నశించింది. "సరే బావా, ఇవాళ ఇద్దరం ఇక్కడే కాపలా ఉందాం. ఎవరొచ్చి తీసుకెళ్తారో మీ కళ్ళతోనే చూద్దురు గాని" అన్నాను. క్లాసు అయ్యాక మాస్టారు తాళంచెవి నా చేతికిచ్చి, పాపం, వెళ్ళిపోయాడు.

బావ తలుపు గడియ వేశాడు. కిటికీలు వేశాడు. బొమ్మను బల్ల మధ్యలోకి జరిపి ఎదురుగా కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బయట ముసురు పట్టింది. కాగితం ఎంతకీ ఆరదు. మెట్ల మీద ఎవరో దగ్గితే గభాలున లేచాడు. కింద లైబ్రరీకి వచ్చినాయన ఎవరో వెళ్ళిపోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ముందు అంచుల దగ్గర మెరుపు పోయింది. మెరుపు పోయినచోట ఎరుపు కూడా కాస్త దిగింది. చెట్టు కొస ఇంకా తడిగా, నిప్పులా ఉంది. కింద కొమ్మలు అప్పుడే గులాబీ రంగుకు వచ్చేశాయి. బావ ముందుకు వంగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. తలుపు కదల్లేదు. ఆయన కళ్ళెదుటే ఆ ఎరుపు కొద్దికొద్దిగా పలచబడి, చివరికి చెట్టంతా వెలిసిపోయింది.

"చూశారా బావా?" అన్నాను. గెలిచిన సంతోషం నాకేమీ లేదు.

ఆయన బొమ్మ అంచు వేలితో తాకి చూసుకున్నాడు. తర్వాత, "ఆవిడ ఇల్లు ఎక్కడో నీకు తెలుసా?" అన్నాడు.

తెలుసు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. వీధి చివర మందుల షాపు పైన రెండు గదుల ఇల్లు. నర్సమ్మ తలుపు తీసింది గానీ గడప దగ్గరే నిలబడింది. మా బావ జీవితంలో ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక స్టోరులో తనిఖీ ఫలితం చదివినట్టు చెప్పాడు. తలుపులు వేసుకుని చూశాననీ, ఎవరూ రాలేదనీ, రంగు దానంతటదే దిగిందనీ, తప్పు తనదేననీ.

ఆవిడ అంతా విని, "అంటే నేను తియ్యలేదని రుజువైంది కాబట్టి వచ్చారు" అంది.

"అవునమ్మా."

"రుజువు దొరక్కపోయి ఉంటే వచ్చేవారా?"

వచ్చేవాణ్ణనో, ఏదో ఒకటి అనవచ్చు కదా! నేను వెనకనుంచి ఆయన చొక్కా లాగాను. కానీ మా బావకు అనుమానించడం వచ్చు గానీ అబద్ధం చెప్పడం రాదు.

"వచ్చేవాణ్ణి కాదమ్మా" అన్నాడు.

నర్సమ్మ తల ఊపింది. "నిజం చెప్పారు, సంతోషం. నా మనసులో కోపం లేదు సార్. కానీ మీ పక్కన మళ్ళీ కూర్చోలేను. చెయ్యి చాపిన ప్రతిసారీ మీరు చూస్తున్నారేమోనని భయంగా ఉంటుంది. కాసేపు సరదాగా గడుపుదామని వచ్చేదాన్ని. ఆ భయంతో రాలేను" అంది. తలుపు విసురుగా వెయ్యలేదు, మెల్లగానే వేసింది.

వీధిలోకి వచ్చాక బావ మందుల షాపు ముందు ఆగిపోయాడు. "అప్పుడూ ఇప్పుడూ సార్ అనే అంది, అన్నయ్యగారు అనలేదు, విన్నావా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు అక్క పోయిన రోజు చూశాను, మళ్ళీ అప్పుడే చూడటం. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

"వచ్చే వారం నన్ను పిలవడానికి రాకు చిన్నమ్మాయ్. నేను రాను" అన్నాడు.

"మళ్ళీ తలుపులు బిగించుకుని కూర్చుంటారా? దానికోసమేనా నేను ఇంత పాటుపడింది?" అని కసిరాను.

"అది కాదే. నేనుంటే ఆవిడ రాదు. నేను రావడం లేదని చెప్పి ఆవిడను రమ్మను. నాకంటే ముందు నుంచీ అది ఆవిడ క్లాసు."

ఆ క్లాసు తప్ప ఆ మనిషికి ఇంకేమీ లేదు. ఆ సంగతి నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. అయినా వదులుకున్నాడు.

నేను వెళ్ళి చెప్పాను. ఆవిడ సరేనంది గానీ ఆ వారం రాలేదు. మా బావ మాట మీద నమ్మకం కుదరలేదు కాబోలు. ఆ తర్వాతి వారం వచ్చింది. ఇంతకుముందు గలగలా మాట్లాడుతూ లోపలికి వచ్చే మనిషి, ఆ రోజు గుమ్మంలో ఆగి ఒక్కో బల్లా, ఒక్కో కుర్చీ, తలుపు వెనక కూడా చూసుకుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా బావ దగ్గర నేను ఇన్నేళ్ళుగా చూస్తున్న చూపే అది. లోపలికి వచ్చి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఫ్లాస్కు బయటికి తియ్యనే లేదు. క్లాసు అయిపోగానే తన కుంచె తను కడుక్కుని అందరికంటే ముందు వెళ్ళిపోయింది.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాను. తలుపు కొట్టకముందే తీశాడు. నాకోసం కిటికీ దగ్గరే కూర్చున్నట్టుంది.

"వచ్చిందా?"

"వచ్చింది బావా."

"ఎలా ఉంది? ఎప్పట్లా నవ్వుతూ ఉందా?"

"ఎప్పట్లాగే. అందరికీ టీ పోసింది. అన్నయ్యగారు ఎలా ఉన్నారని అడిగింది."

ఎవరెవరికి పోసిందని గానీ, ఏ మాట ముందు అందని గానీ ఆయన అడగలేదు. నా చేతులవైపు చూడలేదు. "పోనీలే" అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నా మాట నమ్మేశాడు.