పళ్లపొడితో తోమిన గినీ

మూడున్నర శతాబ్దాల నాటి బంగారు నాణేన్ని పళ్లపొడితో తోమి తళతళలాడించిన మొనగాణ్ణి, అమెరికాలో మేముండే ప్లేనో ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే.

అది ఇంగ్లండులో రాజరికం తిరిగొచ్చాక రెండో చార్లెస్ కొట్టించిన గినీ. మా వీధిలోని రిటైర్డ్ డాక్టరుగారు దానికి ఐదు వేల డాలర్లు చెప్పారు. మా నాన్న కొట్టు గల్లా దగ్గర పెరిగినవాణ్ణి, ఊరుకుంటానా? వారం రోజులు బేరమాడాను.

"నీతో వేగలేనయ్యా. అమ్ముకోనంటే నాలుగు వేలకిస్తాను," అన్నారు.

"అమ్మడమేంటంకుల్, దాచుకుంటాను," అన్నాను.

నెల తిరక్కుండానే లాభానికి అమ్మాలనుకున్నాను. నాణెం మీది రాజుగారి జుట్టు వంపుల్లో నల్లటి మురికి ఉంది. మా నాన్న మాసిన సరుకు ఎప్పుడూ కొనేవాళ్ల ముందు పెట్టలేదు గనక బ్రష్షుతో బాగా రుద్దాను. నాణేల వ్యాపారి దాన్ని లెన్స్ కింద పెట్టి గీతలు చూపించాడు. "ఇప్పుడిది నాణెం కాదు, ఉత్త బంగారం," అన్నాడు. దాన్ని మళ్లీ ఇంటికి తీసుకెళ్లలేక బంగారం ధరకే, తొమ్మిది వందలకు, అతనికే ఇచ్చేశాను.

మొన్న గుళ్లో డాక్టరుగారు, "రాజుగారు కులాసాయేనా?" అని అడిగారు.

"లాకర్‌లో సేఫ్‌గా ఉన్నారంకుల్," అన్నాను.

మొత్తం నష్టం నాలుగు వేల వంద డాలర్లు. అందులో మూడు వేల వంద నావి. నా మాట నమ్మి తగ్గించిన వెయ్యి మాత్రం ఆయనవి.