అంగిట్లో గుండ్రటి మచ్చ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చచ్చినవాళ్లు కనిపించారని ఎవరైనా చెబితే, బతికున్నవాళ్లకే తీరిక లేదు, వాళ్లకెక్కడిదమ్మా అని వెక్కిరించేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నాననీ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సంత్రాగాఛి రైల్వే యార్డులో పట్టాల మధ్య గడ్డికి మందు కొట్టే కాంట్రాక్టు పని నాది. వీపున డబ్బా, చేతిలో గొట్టం. గొట్టం కొసన నలక అడ్డుపడితే నోటితో ఊదుతాం. అలా చేయకూడదని అందరికీ తెలుసు, అందరం చేస్తాం. ఆ పొద్దున ఎంత ఊదినా నలక కదలలేదు. ఒళ్లు మండి గట్టిగా పీల్చాను. నోటినిండా మందు వచ్చింది.

గుటక పడబోతుండగా అంగిట్లో నిప్పు అంటుకుంది. దాంతోపాటు పొగాకు వాసన. మొత్తం ఉమ్మేశాను. తోటివాళ్లు నోరు కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మర్నాటికి నాలుక, పెదాలు పొక్కి తోలు ఊడింది. మంచినీళ్లు మింగాలన్నా ఏడుపొచ్చేది. కడుపులోకి ఎంత పోయిందో తెలియదని, కిడ్నీలు చెడితే బతకడం కష్టమని డాక్టరు అమ్మతో అన్నాడట. రోజూ రక్తం తీసేవారు. చచ్చేంత భయపడ్డాను, దాచడమెందుకు.

వారానికి రిపోర్టులు బాగొచ్చాయి. ఆ మందు నోట్లో పడగానే అంత మండదట, పుళ్లు తర్వాత తేలతాయట. అందుకే చాలామంది మింగేస్తారట. మరి నువ్వెలా ఉమ్మావని డాక్టరు అడిగాడు. నిప్పులా కాలిందన్నాను. టార్చి వేసి చూసి, "దిది, బిడి ఖాన్?" అన్నాడు. అక్కా, బీడీ తాగుతావా అని, బెంగాలీలో. నాకు రోషం వచ్చింది, జన్మలో ముట్టలేదు. అంగిట్లో గుండ్రంగా ఒక కాలిన మచ్చ ఉందట, అది మందుది కాదట.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. చిన్నప్పుడు నేను దొరికిందల్లా నోట్లో కుక్కుకుంటే, "ఉమ్మీయే, నేపోతే సుట్టెట్టి కాల్సెస్తాను" అనేది. ఆమె పోయి పన్నెండేళ్లయింది.

ఇంటికొచ్చాక అమ్మ నా నోరు తెరిపించి చాలాసేపు చూసింది.

"నిన్నొక్కపాలి కూడా కాల్సనేదే ముసిల్ది," అంది. "ఉత్తినే బెదిరించీది."

పుళ్లన్నీ మానాయి. ఆ మచ్చ మాత్రం ఉంది, వేడి టీ తగిలితే చుర్రుమంటుంది. అదెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. గొట్టాన్ని మళ్లీ నోట పెట్టలేదు.